కుళాయికి కట్టిన గుడ్డ

విజయవాడ,
3-2-2025.

కృష్ణాతీర విశ్వవిద్యాలయం, వసతి గృహాల విభాగం నుంచి
పూర్వ విద్యార్థి, పెడన చేనేత వస్త్ర వ్యాపారి శ్రీ రామలింగం గారికి.

అయ్యా,

మన విశ్వవిద్యాలయానికి ఈ ఏడాదితో యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా స్వర్ణోత్సవ నిధి ఒకటి సమకూరింది. దానితో రెండో నంబరు హాస్టలు బాగుచేయాలా, ముఖద్వారం దగ్గర నల్లరాతి స్వాగత తోరణం కట్టాలా అన్న విషయంలో కమిటీ సభ్యులు సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారు. కనుక తొలి పదేళ్లలో ఆ హాస్టల్లో ఉన్నవారి అభిప్రాయాలు తెప్పించి, అవి ఎటు మొగ్గితే అటు వెళ్లాలని తీర్మానించారు. తమరు 1978 నుంచి 80 దాకా పద్నాలుగో నంబరు గదిలో ఉండి ఎం.కాం. చదివినట్టు రికార్డుల్లో ఉంది.

గదులు, నీళ్లు, స్నానాల గదులు, భోజనం గురించి తమ అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపగలరు. చేతిరాతతో, సంతకంతో టపాలో వచ్చిన ఉత్తరాలనే ఫైల్లో చేరుస్తాం.

ఇట్లు,
ఎం. మల్లీశ్వరి, సూపరింటెండెంట్.

తా.క.: వాట్సాప్‌లో పంపకూడదా అని చాలామంది అడుగుతున్నారు. పోయినసారి అలాగే అడిగితే అభిప్రాయాలు పన్నెండు, గుడ్ మార్నింగ్ పూలు నాలుగు వందలు వచ్చాయి.

* * *

పెడన,
14-2-2025.

సూపరింటెండెంట్ మల్లీశ్వరి గారికి పెడన రామలింగం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమూ మా మగ్గాలూ క్షేమం. అక్కడ మీరూ మీ ఫైళ్లూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నా కాళ్లు నేల మీద లేవు. ఇన్నేళ్లకు నా హాస్టలు నన్ను తలుచుకుంది! కొట్టుకు వచ్చిన ప్రతి బేరానికీ ఆ ఉత్తరం చూపించాను. ఇద్దరు చీర కొనకుండానే వెళ్లిపోయారు, పోనీండి.

హాస్టలు బాగుచేయడమేమిటండీ, అది చెడిందెప్పుడు? ఇద్దరికి కట్టిన గదిలో ఆరుగురం పడుకున్నాం. ఒకడు పక్కకు తిరగాలంటే మిగతా అయిదుగురూ లేచి, తీర్మానం చేసుకుని, మళ్లీ పడుకోవాలి. దాంతో మాకు ఐకమత్యం వచ్చింది. నల్లులుండబట్టి తెల్లవారుజామున లేచి చదివే అలవాటు వచ్చింది. సాంబారులో పప్పు వెతకబట్టి పరిశోధన మీద ఆసక్తి కలిగింది. స్నానాల గదిలో నీళ్లు రాకపోతేనేం, వెనకాల కాలవ ఉంది. తువ్వాళ్లు కట్టుకుని బారులు తీరి మునిగేవాళ్లం. ఆ హాయి తలుపులు మూసుకున్న గదుల్లో ఎక్కడ వస్తుంది?

తాగే నీళ్లంటారా, కుళాయికి గుడ్డ కట్టి పట్టుకుంటే అద్దంలా ఉండేవి. ఆ గుడ్డ నేనిచ్చిందే, మా నాన్న ఎనభయ్యో నంబరు సన్న నూలుతో నేసిన పంచె ముక్క. జ్వరాలు ఒకరిద్దరికి వచ్చి ఉంటాయి. మా గదిలోనే ఏసుపాదం అని పామర్రు వైపు పిల్లవాడు, లెక్కల్లో దిట్ట, ఒంట్లో బాగాలేక చదువు మధ్యలో ఇంటికెళ్లిపోయాడు. వాడి ఒళ్లే సుకుమారం. దానికి హాస్టలేం చేస్తుంది?

సుఖం మరిగిన ఒంటికి చదువు అంటదు. కాబట్టి పరుపులకూ పైపులకూ తగలెయ్యకుండా నిక్షేపంగా తోరణం కట్టించండి. 'ఆరుగురం ఒకే గదిలో ఉన్నాం, ఆరుగురమూ మనుషులమయ్యాం. హాస్టలంటే గోడలు కాదు, గుండెలు.' ఈ మాట కమిటీ వారికి నా మాటగా చెప్పండి.

తమ శ్రేయోభిలాషి,
రామలింగం.

తా.క.: ఈ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ బాలత్రిపురసుందరి ముక్కు మీద వేలేసుకుంది. ఆ హాస్టలు నుంచి తిన్నగా పెళ్లిపీటల మీదికి వచ్చినవాణ్ణి కదా, రెండు ముళ్లు వేసి మూడో ముడికి ముందు నల్లుల దద్దుర్లు గోక్కోవడానికి ఆగానట. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని కేకలేశాడట. ఆ సంగతి రాయమంది. అది మా ఇంటి విషయం కనుక రాయడం లేదు.

* * *

విజయవాడ,
5-3-2025.

శ్రీ రామలింగం గారికి,

తమ అమూల్యమైన ఉత్తరం చేరింది. మేము పంపినవి మూడు వందల నలభై ఉత్తరాలు. వాటిలో అరవై ఒకటి చిరునామా మారిందని తిరిగొచ్చాయి. జవాబులు వచ్చినవి రెండు. ఒకటి తమది. రెండోది పామర్రు నుంచి శ్రీ ఏసుపాదం గారిది, ఒక్క ముక్కే ఉంది: 'నా గదిలోని రామలింగం తప్పకుండా రాసే ఉంటాడు. వాడేం రాశాడో అదే నా మాట.'

ఆ లెక్కన నూటికి నూరు మంది పూర్వ విద్యార్థులు హాస్టలు బాగుచేయనక్కర్లేదన్నట్టయింది. తమ ఉత్తరాన్ని రిజిస్ట్రారు వెంకటకృష్ణారావు గారు సమావేశంలో స్వయంగా చదివారు. 'గోడలు కాదు, గుండెలు' దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. తోరణం మీద ఆ వాక్యాలనే చెక్కించాలని కూడా నిర్ణయమైంది.

అయితే ఒక సందేహం వచ్చింది. కాలవలో బారులు తీరి స్నానం చేయడమే హాయి అని తమరు రాశారు. రెండో నంబరు హాస్టలు పద్దెనిమిదేళ్లుగా ఆడపిల్లల హాస్టలు. ఈ అంశంపై తమ అభిప్రాయంలో మార్పేమైనా ఉందేమో తెలుపవలసిందిగా కమిటీ కోరుతోంది.

ఇట్లు,
ఎం. మల్లీశ్వరి.

తా.క.: మార్పు ఉంటుందనే నేను ఆశిస్తున్నాను. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట.

* * *

పెడన,
12-3-2025.

అమ్మా మల్లీశ్వరి గారూ,

శివశివా! ఆడపిల్లల హాస్టలని ముందే ఒక్క ముక్క రాసి ఉంటే నా పరువు దక్కేది కదమ్మా. నా ఉత్తరం ఎంతమంది విన్నారు? వారిలో ఆడవాళ్లెవరైనా ఉన్నారా? కాలవ మాట కొట్టేయండి. తువ్వాళ్ల మాట ముందు కొట్టేయండి. ఆడపిల్లలకు స్నానాల గదులుండాలి, వాటికి తలుపులుండాలి, తలుపులకు గడియలుండాలి. ఇది నా దృఢమైన అభిప్రాయం.

ఇక తోరణం సంగతి. రాయి మీద నా మాటా! మా వంశంలో గుడ్డ మీద అంచు నేసినవాళ్లే కానీ రాయి మీదికి ఎక్కినవాళ్లు లేరు. నాలాంటి అల్పుడికి ఇంత గౌరవమెందుకు అని రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంటున్నాను. వాక్యాల కింద పేరు ఎలాగూ వేస్తారు కాబట్టి, 'రామలింగం, చేనేత వస్త్ర వ్యాపారి, మెయిన్ రోడ్డు, పెడన' అని పూర్తిగా వేయించండి. చోటు మిగిలితే 'ఆదివారం సెలవు' అని కూడా వేయొచ్చు.

ఏసుపాదం ఉన్నాడన్నమాట. సంతోషం. నన్ను ఇంకా గుర్తుపెట్టుకున్నాడన్నమాట. బాగానే ఉన్నాడా? పామర్రు నుంచి పెడనకు ఎంత దూరం, గంట. నలభై అయిదేళ్లలో ఆ గంట నాకు కుదరలేదు. వ్యాపారస్తుడికి తీరికెక్కడిది?

తమ,
రామలింగం.

తా.క.: 'గుండెలు' అన్న మాటలో ఒత్తులేవీ లేవని శిల్పికి గట్టిగా చెప్పండి. మా కొట్టు బోర్డు రాసినవాడు 'వస్త్రాలయం'లో ఒత్తు ఎగరగొట్టాడు. ముప్పై ఏళ్లుగా దాన్ని చూసి నవ్వుకుంటూ లోపలికొచ్చేవాళ్లే సగం మంది, నేనూ దిద్దించలేదు.

* * *

విజయవాడ,
2-4-2025.

శ్రీ రామలింగం గారికి,

తమ రెండో ఉత్తరాన్ని కమిటీ 'స్వల్ప సవరణతో పూర్తి ఆమోదం' కింద నమోదు చేసుకుంది. తమరు కోరినట్టు స్నానాల గదులకు పన్నెండు గడియలు మంజూరు చేశారు. అవి నిన్ననే వచ్చాయి. తలుపులు లేనందున స్టోరు గదిలో భద్రపరిచాం.

హాస్టలు పనుల ఫైలు మూసేశారు. చెక్కించిన రాయి వచ్చేసింది. ఈ నెల 10న తోరణానికి శంకుస్థాపన. తమరు ముఖ్య అతిథిగా రావాలి. శాలువా కప్పుతారు. (అది మిల్లు గుడ్డ. తమరికి ముందే చెప్పడం మంచిదనిపించింది.)

ఇట్లు,
ఎం. మల్లీశ్వరి.

తా.క.: రామలింగం గారూ, ఇది నేను ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మూసేసిన ఆ ఫైలు నేను పెట్టిందే. ఆరేళ్ల నుంచి దాన్ని బల్ల బల్లకూ మోస్తున్నాను. ముప్పై ఆరు గదుల్లో రెండు వందల పన్నెండు మంది ఆడపిల్లలున్నారు. మీరు రాసినట్టే, గదికి ఆరుగురు. మీ ఉత్తరం సమావేశంలో చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఉద్యోగం కాబట్టి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మీ మాట దాటేసింది. శంకుస్థాపనకు వచ్చినప్పుడు ఒక్క పది నిమిషాలు హాస్టలు వైపు నడవండి. కుళాయిలకు మా పిల్లలు కూడా గుడ్డలే కడతారు. మీరు గుడ్డ తెలిసినవారు, చూసి చెప్పండి.

* * *

పెడన,
12-4-2025.

అమ్మా మల్లీశ్వరీ,

'గారు' రాయలేదని కోపగించకు. తప్పు ఒప్పుకునేటప్పుడు మర్యాదలు అడ్డం పడతాయి.

శంకుస్థాపన అయ్యాక అందరూ టిఫిన్ల దగ్గరికి వెళ్తుంటే నేను మెల్లగా తప్పించుకుని హాస్టలు వైపు వెళ్లాను. శాలువా ఇంకా మెడలోనే ఉంది. వాచ్‌మన్ నన్ను దుప్పట్లు అమ్మేవాడనుకుని ఆపాడు. మనోజ్ఞ అని ఒక పిల్ల నా వాళ్లెవరో ఉన్నారనుకుని లోపలికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తెస్తానని కుళాయి దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను.

అదే కుళాయి తల్లీ. అదే గోడ. దానికి గుడ్డ కట్టి ఉంది. నేను గుడ్డను చేత్తో ముట్టుకోకుండా ఉండలేను, అది జబ్బు. పట్టుకుని చూశాను. ఆడపిల్లల ఓణీ ముక్క, మా పెడన సరుకే. అసలు రంగేదో చెప్పలేకపోయాను. మధ్యలో తుప్పు ఎర్రగా పట్టి ఉంది. ముడి దగ్గర సన్నటి పురుగులు రెండు కదులుతున్నాయి. ఆ పిల్ల గ్లాసు ఇచ్చి, 'తాగండి తాతయ్యగారూ, వడగట్టాం, ఏం కాదు' అంది. తాగాను. తాగకుండా ఏ ముఖంతో తిరిగి ఇస్తాను?

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి రాస్తున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు.

1980 జనవరిలో నీళ్లు బాగాలేవని మొదట నోరు విప్పినవాడు ఏసుపాదం. నన్ను గుడ్డ అడిగి కుళాయికి కట్టాడు. వారం తర్వాత ఆ గుడ్డ ఎలా ఉందో వార్డెనుకు చూపించాడు, అర్జీ రాశాడు. పైనుంచి ఇన్‌స్పెక్షన్‌కు మనుషులొస్తున్నారని కబురొచ్చింది. వాళ్లు సరేనంటే కొత్త ట్యాంకు, కొత్త పైపులు. ముందురోజు వార్డెను నన్ను పిలిచి, మెస్సు సెక్రటరీగా నిన్నే వేద్దామనుకుంటున్నాను, వచ్చేవాళ్ల ముందు హాస్టలు పరువు కాపాడు అన్నాడు. అంతే అన్నాడు. ఏం చేయమనీ చెప్పలేదు.

నేను నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. బేరగాడి ముందు చీర మడత విప్పేటప్పుడు చెంగు పైకి పెట్టి, పోగు తెగిన చోటు లోపలికి తోయడం నాకు ఊహ తెలిసేనాటికే వచ్చు. మరకున్న గుడ్డ నలుగురి ముందు పెట్టడం మా ఇంట్లో మహాపాపం. అందులోనూ అది మా నాన్న నేసిన పంచె. ఆ సాయంత్రం దాన్ని విప్పి, చాకలి సోడా వేసి నానబెట్టి, కాలవలో ఉతికి, గంజి పెట్టి, మల్లెపువ్వులా చేసి మళ్లీ కుళాయికి కట్టాను. వచ్చినవాళ్లు గుడ్డ చూశారు. నీళ్లు బ్రహ్మాండం అని రాసుకుని వెళ్లిపోయారు. ట్యాంకు రాలేదు. నాకు మెస్సు సెక్రటరీ పదవి వచ్చింది.

నెల తిరక్కుండా ఏసుపాదానికి టైఫాయిడ్ వచ్చింది. పరీక్షలు పోయాయి. వాళ్ల నాన్న వచ్చి రిక్షాలో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే, వాడు నా చెయ్యి పట్టుకుని, 'జాగ్రత్తగా రాయిరా' అన్నాడు. మళ్లీ రాలేదు. ఆరుగురమూ మనుషులమయ్యాం అని రాశాను చూడు, అది అబద్ధం. అయిదుగురమే అయ్యాం. ఆ అయిదుగురిలో కూడా నా సంగతి అనుమానమే.

గోటితో పోయేదాన్ని నలభై అయిదేళ్లు గొడ్డలి దాకా పెంచుకున్నాను. మీరు ఉన్నదున్నట్టు రాయమంటే, ఇంకోసారి ఆ గుడ్డ ఉతికి పంపాను. నా రెండు ఉత్తరాలూ వెనక్కి తీసుకుంటున్నాను. రాళ్లకు ఏం తొందరమ్మా, అవి ఎక్కడున్నా పడి ఉంటాయి. మనుషులుండే చోటు ముందు బాగుచేయండి. చదువు చెప్పేవాళ్లు, చదువుకునే పిల్ల ఏ నీళ్లు తాగుతోందో చూసుకోవద్దా?

సిగ్గుతో,
రామలింగం.

తా.క.: రాయి చూశాను. 'గుండెలు' తప్పు లేకుండా చెక్కారు. ఆ ఒక్క విషయంలోనైనా తప్పు దొర్లి ఉంటే ఆ వంకతో రాయి తిప్పి పంపేవాళ్లం.

* * *

విజయవాడ,
17-4-2025.

రామలింగం గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబుకు నాలుగు రోజులు ఆగుదామనుకున్నాను కానీ అంత వ్యవధి లేదు.

అభిప్రాయాన్ని వెనక్కి తీసుకోవడానికి మా నిబంధనల్లో వీల్లేదు. అయితే నిబంధనల పుస్తకంతో ఇరవై ఆరేళ్లు కాపురం చేసినదాన్ని, దాని గుట్టు నాకూ కొంత తెలుసు. మొదటి ఉత్తరంలో ఉన్నది నిజం కాదని రాసినవారే చెబితే అది 'లోపభూయిష్టం' అవుతుంది. ఏసుపాదం గారి జవాబు దాని మీద ఆధారపడినది కనుక అదీ పోతుంది. అప్పుడు వచ్చిన జవాబులు సున్నా. సున్నా మీద తోరణం కట్టడం కుదరదు. ఈ ముక్కే నోట్ పెట్టాను. రిజిస్ట్రారు గారు దాని మీద సంతకం పెట్టి, సరే, కమిటీ స్వయంగా వెళ్లి హాస్టలు చూస్తుంది అన్నారు. 29వ తేదీ మంగళవారం ఉదయం పది గంటలకు వస్తారు. మీరు ఆ రోజు అక్కడ ఉండి, నాకు రాసిందే వాళ్లకు నోటితో చెప్పాలి. అదొక్కటే అడుగుతున్నాను.

ఇట్లు,
మల్లీశ్వరి.

తా.క.: ఒకరి అభిప్రాయం మీద ఇంకొకరి అభిప్రాయం ఆధారపడినప్పుడు మార్పును రెండోవారికి తెలపాలని నిబంధన. అందుచేత మీ ఉత్తరం నకలు, కమిటీ వచ్చే తేదీతో సహా, పామర్రుకు పంపాను. పోస్టు చేశాక భయమేసింది. కానీ పోస్టు డబ్బాలో చెయ్యి పట్టలేదు.

* * *

పెడన,
23-4-2025.

అమ్మా,

ఎంత పని చేశావు! వాడు చదివేశాడా? ఏమన్నాడు? ఏమీ అనలేదా? అదింకా భయం.

కమిటీ ముందు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. వాడు కూడా వస్తాడేమోనని నా భయం. వాడి ముఖం నేను చూడలేను. ఇక్కడ పెళ్లిళ్ల సీజను కూడా, కొట్టు వదిలి రావడం కష్టం. మోకాళ్లు కూడా నొప్పిగా ఉన్నాయి. (ఈ చివరి మూడు వాక్యాల్లో మొదటిదే అసలు కారణం. మిగతా రెండూ చెంగు పైకి పెట్టడం.)

నేను రాకపోయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ పిల్లల కుళాయిలకున్న పేలికలు కళ్లలోంచి పోవడం లేదు. పెద్దవాళ్లు చూడ్డానికి వచ్చే రోజున అవి అలా వేలాడుతుంటే పిల్లలకెంత నామోషీ! అందుకని పన్నెండు కుళాయిలకూ పన్నెండు కొత్త గుడ్డలు, ఎనభయ్యో నంబరువి, చలవ చేయించి, గంజి పెట్టించి పార్శిల్ పంపుతున్నాను. 28 నాటికి అందుతుంది. కట్టించండి. నా బదులు నా గుడ్డలు ఉంటాయి.

రామలింగం.

తా.క.: పార్శిల్ కడుతుంటే మా ఆవిడ, 'ఇవెందుకు?' అంది. చెప్పాను. అన్నీ చెప్పాను. ఒక గుడ్డ మడత విప్పి చూసి, మళ్లీ మడిచింది. తర్వాత, 'మీరు మారరు' అని లోపలికి వెళ్లిపోయింది. ఎందుకలా అందో నాకు అర్థం కాలేదు.

* * *

విజయవాడ,
2-5-2025.

రామలింగం గారికి,

మీ ఆవిడ ఎందుకలా అన్నారో నాకు అర్థమైంది. కానీ మీ ఉత్తరమూ పార్శిలూ వచ్చిన 28న నేను ఆఫీసులో లేను. పటమటలో మా అమ్మకు కంటి ఆపరేషను. పిల్లలు పార్శిల్ విప్పుకుని, ఎవరో తాతగారు పంపారని మురిసిపోయి, పాతవి పారేసి కొత్తవి కట్టేశారు. 29న తొమ్మిదిన్నరకు నేను వెళ్లేసరికి పన్నెండు కుళాయిలకూ పన్నెండు మల్లెపువ్వులు. పది గంటలకు కమిటీ. ఆ గుడ్డలు చూస్తే ఏం రాసుకుని వెళ్తారో మీకు నేను చెప్పాలా?

అప్పటికే ఒక పెద్దాయన అక్కడ వంగి నిలబడి మూడో కుళాయి ముడి విప్పుతున్నారు. పక్కన చెత్తబుట్ట బోర్లించి ఉంది. అందులోంచి పాత పేలికలు ఏరి, ఒక్కొక్కటీ దులిపి, మళ్లీ కడుతున్నారు. ఎవరండీ మీరు అంటే, 'ఏసుపాదాన్నమ్మా, పామర్రులో లెక్కల ట్యూషన్లు చెబుతాను' అన్నారు. మనోజ్ఞా నేనూ సాయం పట్టాం. పదికి అయిదు నిమిషాలుండగా పన్నెండోది కట్టడం అయింది.

కమిటీ చూసింది. ఈసారి రిజిస్ట్రారు గారు కళ్లద్దాలు తుడుచుకోలేదు, కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆరేళ్లుగా నేను కాగితాలు పంపానే కానీ ఆయన్ను ఒక్కసారైనా ఆ కుళాయి దగ్గరికి నడిపించలేదు. ఆ తప్పు నాది. ట్యాంకు, పైపులు, స్నానాల గదులు మంజూరయ్యాయి. మీ గడియలకు తలుపులు వస్తాయి. గదులు మాత్రం ఇప్పుడు కాదట. ఆరుగురు ఉండటం ఐకమత్యానికి మంచిదని ఫైల్లో ఎవరో రాసినట్టు గుర్తని ఒక సభ్యుడు అన్నారు. కాదనడానికి రాసినవారు అక్కడ లేరు.

అంతా అయ్యాక ఏసుపాదం గారిని అడిగాను, ఇదంతా మీకు ముందే తెలుసా అని. ఆయన అన్నమాటలు అన్నట్టే రాస్తున్నాను: 'ఆ సాయంత్రం వాడు గుడ్డ ఉతుకుతుంటే నేను కాలవ గట్టు మీద నిలబడి చూశానమ్మా. ఆపలేదు. మరునాడు వచ్చినవాళ్లకి చెప్పనూ లేదు. వాడు నా స్నేహితుడు, వాడి మీద చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత నాకు జ్వరమొస్తే పదిహేను రోజులు జావ కాచి పోసింది కూడా వాడే. ఎప్పటికైనా వాడే చెబుతాడులే అనుకున్నాను. మీ ఉత్తరం వచ్చినప్పుడు, ఇన్నాళ్లకి వాడికి వీలు దొరికిందనుకున్నాను. అందుకే వాడి మాటే నా మాట అని రాశాను.'

ఇట్లు,
మల్లీశ్వరి.

తా.క.: తోరణం ఆగిపోయింది. చెక్కిన రాయిని ఏం చేయాలో తెలియక చివరికి హాస్టలు వెనక బట్టలు ఉతుక్కునే బండగా వేయించారు. నున్నటి వైపు పైకి, మీ మాట కిందకి. పిల్లలు చాలా సౌకర్యంగా ఉందంటున్నారు.

మరొక తా.క.: ఏసుపాదం గారు మీ పన్నెండు గుడ్డలూ నీటుగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. మధ్యాహ్నం మూడు గంటల బస్సు దాకా హాస్టలు గేటు దగ్గర కూర్చున్నారు. రోడ్డు మీద ఏ ఆటో ఆగినా లేచి చూశారు. మూడింటికి, 'మనిషి రావాల్సిన చోటికి వాడెప్పుడూ గుడ్డే పంపుతాడు' అని నవ్వి బస్సెక్కారు. ఆయన ఇల్లు పామర్రు బస్టాండు వెనక వీధిలో, చర్చి పక్కన. అడ్రసు ఇచ్చింది ఉత్తరం రాయడానికి కాదండీ.